కొత్త రైఫిల్ బ్యారెల్‌ని ప్రతి షాట్‌కీ క్లీన్ చేయాల్సిందేనా?

కొత్త షూటర్ (డల్లాస్)
అందరికీ నమస్తే. 6.5 క్రీడ్‌మోర్ తూటా కాల్చే బోల్ట్ యాక్షన్ రైఫిల్ కొన్నాను, ఫ్యాక్టరీ బ్యారెలే. రేంజ్‌లో ఒకాయన మొదటి పది షాట్లూ ఒక్కొక్కటిగా కాల్చి, ప్రతిసారీ బుల్లెట్ తొడుగు లోపల వదిలిన రాగి మొత్తం పోయేదాకా తుడవమన్నాడు. పక్క బెంచీ ఆయనేమో అదంతా చాదస్తం, హాయిగా కాల్చుకో అన్నాడు. నవంబరులో జింకల సీజన్ మొదలయ్యేలోపు జీరో చేసుకోవాలి, అంటే గురి సరిచేసుకోవాలి. క్లీనింగ్ కిట్‌లో ముక్కలు బిగించుకునే అల్యూమినియం రాడ్ ఇచ్చారు, అది సరిపోతుందా?

పాత బెంచ్‌రెస్ట్
ముందు ఆ రాడ్ పక్కన పెట్టు తమ్ముడూ. అతుకుల దగ్గర బోర్‌ని (బ్యారెల్ లోపలి గొట్టాన్ని) రాసుకుంటుంది, పైగా మెత్తటి అల్యూమినియంలో ఇసుక రేణువులు ఇరుక్కుని కూర్చుంటాయి. కోటింగ్ ఉన్న ఒకే ముక్క రాడ్, దాన్ని సూటిగా నడిపే ఒక బోర్ గైడ్ కొను. ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందో లేదో చూసి, బోల్ట్ తీసి, ఛాంబర్ వైపు నుంచే తొయ్యి, ఎందుకంటే మూతి అంచు, అంటే క్రౌన్, అరిగితే షాట్లు ఒకచోట పడక గుంపు చెదిరిపోతుంది.
ఇక బ్రేక్-ఇన్, అంటే కొత్త బ్యారెల్‌ని కాలుస్తూ తుడుస్తూ అలవాటు చేసే సంగతి. ఛాంబర్ తొలిచే రీమర్ అనే పనిముట్టు త్రోట్ (ఛాంబర్ ముందు భాగం) దగ్గర రైఫ్లింగ్‌కి (బోర్‌లోని మెలిక గాళ్లకి) అడ్డంగా సన్నటి గీతలు వదులుతుంది. అవి బుల్లెట్ పైనున్న రాగిని ఆకురాయిలా గీకేస్తాయి, ఆ రాగి వేడి గ్యాస్‌తో పాటు ముందుకెళ్లి బోర్‌లో అతుక్కుంటుంది. కొన్ని షాట్లు పడితే ఆ గీతలు నునుపవుతాయి. మధ్యలో తుడిచేది పాత రాగి పొర ఆ గీతలను కప్పేయకుండా ఉండటానికే. చేత్తో లాప్ చేసిన (లోపల రుద్ది నునుపు చేసిన) కస్టమ్ బ్యారెల్‌లో కూడా త్రోట్ మాత్రం లాపింగ్ తర్వాత తొలిచిందే. లెక్క పెట్టుకుని కాదు, ప్యాచ్ (తుడిచే గుడ్డముక్క) మీద రాగి వల్ల వచ్చే నీలం తగ్గడం చూసి ఆపేయ్.

ఊరికే కాలుస్తా (ఆస్టిన్)
నేను ఒప్పుకోను అన్నా. బ్యారెళ్ల తయారీలో పేరున్న గేల్ మెక్‌మిలనే ఈ బ్రేక్-ఇన్ అంతా బ్యారెళ్లు తొందరగా అరిగి, మళ్లీ కొనిపించడానికి పుట్టిందని రాశాడు. ఫ్యాక్టరీ బ్యారెల్ లోపలంతా గరుకే, ఇరవై షాట్లకి ఏం నునుపవుతుంది? ఫ్యాక్టరీలో పూసిన నూనె మాత్రం కాల్చే ముందు తుడిచెయ్యి, అది మానొద్దు.

పాత బెంచ్‌రెస్ట్
అరుగుదల గురించైతే క్రీడ్‌మోర్ బ్యారెల్ మంచి గురి ఇచ్చేది రెండు మూడు వేల షాట్లు, అందులో ఇరవై పోతే నష్టమేముంది? నిజానికి బ్యారెళ్లు పాడయ్యేది తుడవకపోవడం వల్ల కంటే తప్పుగా తుడవడం వల్లే ఎక్కువ. అమోనియా ఉన్న రాగి సాల్వెంట్‌ని పదిహేను నిమిషాలు దాటి లోపల వదలొద్దు, రెండు రకాల సాల్వెంట్లు కలపొద్దు. ఇంకోటి, ఇత్తడి జాగ్ (రాడ్ చివర ప్యాచ్‌ని పట్టుకునే ముక్క) వాడితే ఆ ఇత్తడే కరిగి ప్యాచ్ నీలమవుతుంది, పాపం చాలామంది లేని రాగి కోసం రాత్రంతా తోముతుంటారు. నికెల్ పూత ఉన్నదో ప్లాస్టిక్‌దో తీసుకో.

పాయింట్ టూ టూ (హైదరాబాద్)
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఇక్కడ క్లబ్‌లో .22 రైఫిల్‌తో ప్రోన్ (బోర్లా పడుకుని) కాల్చేవాళ్లెవరైనా ఇది చదివి అమోనియా కొనేస్తారేమోనని రాస్తున్నా. మన తూటాలు మైనం పూసిన సీసం, రాగి తొడుగు ఉండదు. మనకి గొడవ ఛాంబర్ ముందు గట్టిపడే కార్బన్ రింగ్‌తోనే, మామూలు కార్బన్ సాల్వెంట్, ఫెల్ట్ గుళికలు చాలు. తుడిచాక మైనం మళ్లీ పట్టేదాకా గుంపు కుదరదు, కాబట్టి మ్యాచ్ రోజు పొద్దున తుడిచి లైన్ మీదకి రావొద్దు. ఎయిర్ రైఫిల్ వాళ్లయితే సాల్వెంట్ జోలికే పోవద్దు, సీళ్లు పాడవుతాయి, పొడి గుళికలతో తుడవండి.

కొత్త షూటర్ (డల్లాస్)
థాంక్స్ అందరికీ. అయితే వేటకి వెళ్లే ముందు రోజు తుడవాలా వద్దా?

పాత బెంచ్‌రెస్ట్
వద్దు. తుడిచిన బోర్‌లోంచి మొదటి షాట్ తరచుగా వేరే చోట పడుతుంది, నూనె ఉంటే ఇంకా దూరం. జీరో చేసిన బ్యారెల్‌ని అలాగే తీసుకెళ్లు, వానలో తడిస్తే తప్ప ఇంటికొచ్చాకే తుడువు.

ఊరికే కాలుస్తా (ఆస్టిన్)
ఈ ఒక్కదానికి నేనూ సరే అంటున్నా. మూతికి ఒక టేప్ ముక్క అంటించు, వాన లోపలికి పోదు.