ఓటుకు వేలిముద్ర మిషను పెడితే దొంగ ఓట్లు ఆగుతాయా?

తాడిపత్రి బండలోడు:
అన్నా ఒక డౌటు. మొన్న మా నాయన రేషనుకు పోయి బొటనేలు కాడ్నుంచి చిటికెనేలు దాకా అన్నీ పెట్టినా మిషను తీసుకోల్యా, ఉత్త సంచితో ఇంటికొచ్చినాడు. ముప్పై ఏండ్లు బండల పాలిష్ కాడ నీళ్ళల్లో పనిచేసినోడు, వేళ్ళమీద గీతలు యాడుంటాయ్. ఆ సాయంత్రమే టీ అంగట్లో ఒకాయన, బూతుల్లో గూడా వేలిముద్ర పెడితే ఒక్క దొంగ ఓటు పడదు అంటాండాడు. వేరే దేశాల్లో పెట్టినారంట గదా, ఎట్ల జరిగింది?

కర్నూలోడు:
ఘానాలో 2012లో పెట్టినారు. మిషను ఒప్పుకోకుంటే ఓటు లేదు అని రూలు. తీరా ఆ పొద్దు కొన్నిచోట్ల మిషన్లే మొరాయించి రెండో రోజు గూడా పోలింగ్ పెట్టాల్సొచ్చింది. 2013లో కెన్యాలో గూడా చానా చోట్ల కిట్లు పన్జేయక మళ్ళా కాగితం లిస్టే తీసినారు. నైజీరియాలో 2015లో అయితే సాక్షాత్తు ప్రెసిడెంటు గుడ్‌లక్ జోనాథన్ వేలే పడల్యా, ఆయనేం బండలు మోసినోడు గాదు గదప్పా. కాకపోతే వాళ్ళు కాగితం మీద రాసుకొని ఓటు ఎయ్యనిచ్చినారు, 2023కి వేలు పడకుంటే మొకం చూసే మిషను తెచ్చినారు. మీ నాయనకు ఘానా రూలు వస్తే కష్టం, నైజీరియా రూలు అయితే పర్వాల్యా.

జమ్మలమడుగు ఏజెంటు:
నేను రెండుసార్లు ఏజెంటుగా కూర్చున్యా. పల్లె బూతులో ఎవడు ఎవని కొడుకో మాకు తెలుసు, అనుమానమొస్తే 2 రూపాయలు కట్టి, ఈడు ఆ ఓటరు గాదని ఛాలెంజ్ చేస్తాం. టౌన్లో అట్ల కుదర్దు. కువైట్‌కు పోయినోని పేరుమీద ఇంకోడొచ్చి ఏసేది మిషనుతో ఆగుతాది, ఒప్పుకుంటా. అయితే ఏజెంటునే మెడబట్టి బయటికి గెంటినాక మిషను ఏం చేస్తాదబ్బా?

అనంతపురం లెక్కలు:
టైమ్ గూడా చూడండి. పొద్దున 7 నుంచి సాయంత్రం 6 అంటే 660 నిమిషాలు, బూతులో 1200 మంది ఉంటే మనిషికి 33 సెకండ్లు. వేలు మూడుసార్లు పెట్టి తుడ్సుకొని మళ్ళా పెడితే ఏం గాను? 2024 మే 13న మన ఎలక్షన్ల పొద్దు మిషను లేకుండానే కొన్నిచోట్ల రాత్రి చానా పొద్దు దాకా లైన్లో నిలబడినారు. తెలంగాణలో 2020 మున్సిపల్ ఎలక్షన్లకు కొంపల్లిలో 10 బూతుల్లో ఫోన్‌తో మొకం చూసి ట్రయల్ చేసినారు, సరిపోకపోయినా ఓటు ఆపం అని ముందే చెప్పి.

తాడిపత్రి బండలోడు:
థ్యాంక్స్ అన్నా. ఇప్పటికి కార్డు చూపిచ్చి, సంతకమో వేలిముద్రో రిజిస్టర్లో పెట్టి, సిరా పూపిచ్చుకుంటే చాలు గదా? మరి ఓటర్ కార్డుకు ఆధార్ లింకు తప్పనిసరా?

కర్నూలోడు:
తప్పనిసరి గాదు, ఆధార్ నంబరు ఇచ్చే 6బి ఫారం నీ ఇష్టం. ఓటర్ కార్డు లేకున్నా ఉపాధి హామీ జాబ్ కార్డు గూడా చెల్లుతాది. ముందు లిస్టులో మీ నాయన పేరుందో లేదో చూడుపో.