టెక్సాస్‌లో టర్కీ వేటకు మొదటిసారి వెళుతున్నాను, సూచనలు కావాలి

ఫ్రిస్కో_వాసి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను డాలస్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాను, హెచ్‌-1బి వీసా మీద ఉన్నాను. వచ్చే వసంతంలో హిల్ కంట్రీలో (మధ్య టెక్సాస్ కొండప్రాంతం) ఉన్న తన బంధువుల పొలానికి టర్కీ వేటకు రమ్మని మా సహోద్యోగి ఒకరు పిలిచారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట దాదాపుగా నిషిద్ధం కనుక నాకు తుపాకితో గానీ, అడవిలో పక్షి కోసం మాటు వేయడంతో గానీ ఏ పరిచయమూ లేదు. వీసా మీద ఉన్నవారు అసలు తుపాకి పట్టుకోవచ్చా? మొదట ఏమి నేర్చుకోవాలి? ఈ వేట వల్ల ఆ జాతికి హాని జరగదు కదా అన్న సందేహం కూడా నన్ను వదలడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

రౌండ్‌రాక్_తెలుగు సమాధానం:

వీసా సంగతి ముందుగా అడగడం చాలా మంచిదైందండీ, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువగా పట్టించుకోని విషయం ఇదే. హెచ్‌-1బి వంటి వలసేతర వీసా మీద ప్రవేశించినవారు తుపాకిని గానీ తూటాలను గానీ తమ అధీనంలో ఉంచుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం చెబుతుంది, అయితే ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి అందులో మినహాయింపు ఉంది. అంటే మీ విషయంలో లైసెన్సు వేటకు అనుమతి మాత్రమే కాదు, తుపాకిని తాకడానికి ఆధారం కూడా అదే. టెక్సాస్ లైసెన్సు ఏటా ఆగస్టు 31తో ముగుస్తుంది కనుక ఆ మరునాడు కొత్తది లేకుండా మీ ఇంట్లో తుపాకి ఉంటే అది నేరమవుతుంది, దానికి 15 ఏళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. స్నేహితుడి తుపాకిని కాసేపు చేతిలోకి తీసుకున్నా ఇదే నియమం వర్తిస్తుంది. డబ్బు ఖర్చయినా సరే, ఒకసారి మీ ఇమిగ్రేషన్ న్యాయవాదిని సంప్రదించిన తరువాతే అడుగు వేయండి.

1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారు హంటర్ ఎడ్యుకేషన్ శిక్షణ పూర్తి చేయాలి. 17 ఏళ్ళు నిండినవారు దానిని ఆన్‌లైన్‌లోనే ముగించవచ్చు. లైసెన్సుతో పాటు అప్‌లాండ్ గేమ్ బర్డ్ ఎండార్స్‌మెంట్ (టర్కీ వంటి పక్షుల వేటకు అదనపు అనుమతి) కూడా కొనాలి. సీజను తేదీలు, ఎన్ని పక్షులను కొట్టవచ్చన్నది కౌంటీని బట్టి మారుతాయి కాబట్టి వెళ్ళబోయే కౌంటీ పేరు తెలుసుకుని, టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఆ ఏడాది ప్రకటించిన నియమాలను స్వయంగా చదవండి. సహోద్యోగి చెప్పిన మాటతో సరిపెట్టుకోకండి.

మాటువేట సమాధానం:

టర్కీ వేటలో ప్రమాదం పక్షి నుంచి రాదు, తోటి వేటగాడి నుంచి వస్తుంది. ఒళ్ళంతా ఆకుల రంగు బట్టలు కప్పుకుని, ముఖానికి ముసుగు వేసుకుని, పొదల్లో కూర్చుని పెట్టలాగా కూత పెడుతుంటారు మీరు. ఆ కూత విని మరొక వేటగాడు అటే వస్తే అతని కళ్ళకు మీరే పక్షిగా కనిపించే అవకాశం ఉంది. అందుకే పుంజు తలలో కనిపించే ఎరుపు, తెలుపు, నీలం రంగులు మీ ఒంటి మీద ఎక్కడా ఉండకూడదు, చివరికి సాక్సు, జేబురుమాలు కూడా. మీ భుజాల కంటే వెడల్పైన చెట్టు మొదలును వెతికి, దానికి వీపు ఆనించి కూర్చోండి. కూర్చునే ముందు ఆ మొదలు చుట్టూ పాములున్నాయేమో చూడండి, హిల్ కంట్రీలో వసంతానికి రాటిల్‌స్నేక్‌లు బయటికి వస్తాయి. మరో మనిషి కనిపిస్తే చెయ్యి ఊపకుండా, కదలకుండా, మనిషి గొంతుతో గట్టిగా పలకరించండి. పుంజు కూత వినబడిన వైపు నక్కి నక్కి వెళ్ళడం ఎన్నడూ చేయకండి, ఆ కూత పెట్టేది మనిషి కావచ్చు. దీమపు బొమ్మను (పుంజును ఆకర్షించడానికి నిలబెట్టే టర్కీ బొమ్మ), కొట్టిన పక్షిని కూడా సంచిలో పెట్టి, పైన నారింజరంగు గుడ్డ కనబడేలా మోయండి.

ఇక పక్షి విషయం. మీరు వెళ్ళే ప్రాంతంలో ఉండేది రియో గ్రాండే రకం. ఇది రాత్రిళ్ళు వాగుల వెంబడి ఉండే పెద్ద పీకన్, ఓక్ చెట్ల మీదికి ఎగిరి పడుకుంటుంది. ముందురోజు సాయంత్రం చీకటి పడే వేళ దూరంగా నిలబడి అవి ఏ చెట్లెక్కుతున్నాయో విని పెట్టుకుని, మరునాడు వెలుగు రాకముందే అక్కడికి నూరు, నూట యాభై గజాల దూరంలో చప్పుడు లేకుండా కూర్చోవాలి. దీని వాసనశక్తి తక్కువే కానీ చూపు మాత్రం అసాధారణం. రంగులను గుర్తిస్తుంది, కళ్ళు తలకు రెండు పక్కలా ఉండడం వల్ల ఇంచుమించు చుట్టూ చూస్తుంది. మీరు తుపాకి ఎత్తే చిన్న కదలిక చాలు, అది మాయమవుతుంది. కాబట్టి తుపాకిని ముందే మోకాలి మీద ఆనించి ఉంచుకోండి, అది ఏ చెట్టు చాటుకైనా వెళ్ళినప్పుడు మాత్రమే కదలండి.

కూత దగ్గర కొత్తవారు ఓపిక పట్టలేకపోతారు. ప్రకృతి సిద్ధంగా పుంజు దగ్గరకు పెట్టే నడిచి వెళుతుంది. మీరు పుంజునే పెట్ట దగ్గరకు రమ్మంటున్నారు, అంటే దాని స్వభావానికి ఎదురు వెళుతున్నారు. అది బదులిస్తోందని పదే పదే పిలిస్తే ఎక్కడిదక్కడే నిలబడి, పెట్టే రావాలని ఎదురుచూస్తుంది. ఒకసారి ఇటువైపు కదిలిందని తెలిశాక కూతలు తగ్గించి మౌనంగా ఉండడమే మేలు. తెల్లవారుజామున పెట్టల మధ్య ఉండి మిమ్మల్ని లెక్కచేయని పుంజు, అవి గూళ్ళకు వెళ్ళిపోయాక తొమ్మిది, పది గంటల వేళ ఒంటరిదై మీ కూతకు రావచ్చు. కనుక పొద్దెక్కిందని లేచి వచ్చేయకండి.

కెర్‌విల్_అక్క సమాధానం:

తుపాకి గురించి నేను చెబుతాను తమ్ముడూ. 12 గేజ్ లేదా 20 గేజ్ (గేజ్ అంటే గొట్టం వెడల్పు కొలత) షాట్‌గన్, ఫుల్ చోక్ (గుళ్ళు చెదరకుండా గొట్టం కొనను ఇరుకు చేసేది), 4 నుంచి 6 నంబరు గుళ్ళ తూటాలు చాలు. వేటకు ముందే రేంజిలో, అడవిలో కూర్చునే భంగిమలోనే కూర్చుని, 40 గజాల దూరంలో కాగితం మీద కాల్చి చూడు. 10 అంగుళాల వలయంలో సుమారు నూరు గుళ్ళు పడకపోతే ఆ దూరం నీ తుపాకికి ఎక్కువని అర్థం, దగ్గరకు రానిచ్చి కొట్టు. గురి మెడ మొదట్లో పెట్టాలి. తోక విప్పి ఆడుతున్నప్పుడు మెడ ముడుచుకుని ఉంటుంది కాబట్టి అప్పుడు కాల్చకు, తల నిక్కించే వరకు ఆగు. ఒంటి మీద కొడితే గాయపడి ఎగిరిపోయి ఎక్కడో పడి చస్తుంది, ఆ పాపం మనకు వద్దు.

హాని సంగతి అడిగావు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ పక్షి చాలా రాష్ట్రాల్లో దాదాపు కనిపించకుండా పోయింది. అడవి పక్షులను వలలతో పట్టి ఖాళీ అయిన చోట్ల వదలడం వల్లనే మళ్ళీ పెరిగింది. తుపాకులు, తూటాల మీద వసూలు చేసే పన్నును వన్యప్రాణుల కోసం వాడాలని 1937లో చట్టం వచ్చింది, ఆ డబ్బు ఇందుకూ పనికివచ్చింది. వసంతంలో ముఖ్యంగా పుంజులనే కొట్టనివ్వడానికి కారణం కూడా పెట్టలు గుడ్లు పెట్టి పొదగాలనే. అయినా ఆగ్నేయ రాష్ట్రాల్లో కొన్నిచోట్ల సంఖ్య మళ్ళీ తగ్గడంతో పరిమితులు కఠినం చేశారు. నీ సందేహం అక్కర్లేనిదేమీ కాదు, నియమాలను మించి ఒక్కటి కూడా కొట్టకు.

వండేటప్పుడు రొమ్ము మాంసాన్ని వేరుగా, త్వరగా వేయించు. కాళ్ళు బాగా ముదురు, నాటుకోడి పులుసులా ఎక్కువసేపు ఉడకనివ్వాలి. మెడ దగ్గరి మాంసంలో గుళ్ళు ఉంటాయి, పిల్లలకు పెట్టేముందు వేళ్ళతో తడిమి తీసెయ్యి.

ఫ్రిస్కో_వాసి:

అందరికీ కృతజ్ఞతలు. న్యాయవాదితో ఈ వారమే మాట్లాడతాను. కూత సాధనకు ఏ పరికరం కొనాలి?

మాటువేట సమాధానం:

చెక్కతో చేసిన బాక్స్ కాల్ (మూతను రాపిడి చేస్తే కూత వచ్చే చిన్న పెట్టె) కొనండి, కొత్తవారి చేతికి అదే త్వరగా లొంగుతుంది. నోట్లో పెట్టుకునే డయాఫ్రమ్ కాల్ కుదరడానికి నెలలు పడుతుంది కానీ చేతులు కదపకుండా పిలవవచ్చు కనుక తరువాతైనా నేర్చుకోండి. సాధన మాత్రం ఇంట్లోనో, కారులోనో చేయండి. సీజనుకు ముందు ఆ పొలంలోకి వెళ్ళి కూతలు పెడితే, ఎవరూ లేని చోటికి వచ్చి చూసి వెళ్ళిన పుంజు ఆ తరువాత అసలు కూతనూ నమ్మదు.