ఐస్ ప్లాంటు అమ్మోనియా డిటెక్టర్: శాంపుల్ లైనులో ఫ్లో రాత్రయ్యేసరికి పడిపోతోంది, ఏం చేయాలి?

గంజాం_ఫిట్టర్:

గోపాల్‌పూర్ వైపు సముద్రం ఒడ్డున రొయ్యల కోల్డ్ స్టోరేజీ. మెషీన్ రూములో, చల్లబరచడానికి వాడే అమ్మోనియా లీకైతే పట్టే డిటెక్టర్ ఉంది, పంపుతో గాలి లాక్కునే రకం, సెన్సారు ఎలక్ట్రోకెమికల్. ఇన్‌లెట్ కంప్రెసర్ల పైన, సీలింగు కింద. అక్కడి నుంచి 4 మి.మీ. లోపలి వ్యాసమున్న టెఫ్లాన్ ట్యూబు 30 మీటర్లు, కోల్డ్ రూము ముందుగదిలోంచి వచ్చి ప్యానెల్ రూముకు చేరుతుంది. వరస ఇది: నీడిల్ వాల్వు (ఫ్లోను సన్నగా సరిపెట్టేది) ఉన్న రోటామీటరు (లోపలి బంతి ఎత్తును బట్టి ఫ్లో చూపే గొట్టం), సెన్సారు, పంపు.

ఫ్లో నిమిషానికి అర లీటరు ఉండాలి. పొద్దున్న సరిపెడితే సాయంత్రం దాకా బాగానే ఉంటుంది. రాత్రికి 0.3, తెల్లవారుజామున 0.2, ఇక లో-ఫ్లో అలారం మోగుతుంది. అప్పుడు వాల్వు తెరిస్తే మర్నాడు మధ్యాహ్నానికి 0.7. రీడింగు మీదా నమ్మకం పోయింది. గ్లాండు (కంప్రెసర్ షాఫ్టు సీలు) దగ్గర ముక్కు పగిలేంత వాసనున్నా 4, 5 పీపీఎం (పది లక్షల్లో వంతులు) అంటుంది. ఒక్కోసారి ఏమీ లేకుండానే 15 చూపిస్తుంది. ఎగ్జాస్టు ఫ్యాను వేస్తే నేరుగా సున్నా.

ఇన్‌లెట్ కొసన కంచు సింటర్డ్ ఫిల్టరు (లోహపు పొడిని అతికించి చేసిన, సన్న రంధ్రాలది) ఉంది, దాని మీద నీలి మరకలు కనిపిస్తున్నాయి. ఇక్కడివాళ్లు పెద్ద పంపు పెట్టేయమంటున్నారు. పెట్టమంటారా?

రాయగడ_ఇన్‌స్ట్రుమెంట్స్:

పంపు జోలికి పోకు తమ్ముడూ. ముందు లైను ఎంత అడ్డుకుంటుందో చూడు. 4 మి.మీ. ట్యూబు 30 మీటర్లకు, నిమిషానికి అర లీటరు దగ్గర పోయే ఒత్తిడి సుమారు 740 పాస్కల్స్, అంటే 75 మి.మీ. నీటిమట్టం. ఆరోగ్యంగా ఉన్న చిన్న డయాఫ్రమ్ పంపుకు అదొక లెక్క కాదు. కాబట్టి రాత్రిపూట అదనంగా అడ్డం పడుతున్నది ట్యూబు కాదు. ఫిల్టరు ఒకటి, నీళ్లు రెండు.

మీ గాలిలో ఉప్పుంది. తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీరు పట్టి కరుగుతుంది. పగలు ఫిల్టరు రంధ్రాల్లో పొడిగా ఉన్నది రాత్రికి జిగటవుతుంది, ఫ్లో పడుతుంది. మధ్యాహ్నానికి మళ్లీ ఎండుతుంది. పైగా నీలి మరకలంటే రాగి కరుగుతోందని. తడి అమ్మోనియా ఉన్నచోట కంచూ ఇత్తడీ పనికిరావు, నట్లూ ఫెర్రుల్సూ (ట్యూబును బిగించే రింగులు) కూడా. ఎస్ఎస్ 316 (స్టెయిన్‌లెస్ స్టీలు) ఫిట్టింగులు, టెఫ్లాన్ ట్యూబు, నీటికి తడవని టెఫ్లాన్ డిస్కు ఫిల్టరు వాడు. డిస్కు 47 మి.మీ. ఉంటే వైశాల్యం పెద్దది, అంత త్వరగా మూసుకుపోదు. దాని మీద కిందికి తిరిగిన గరాటు, గరాటుకు ఎస్ఎస్ జాలీ. మట్టిగూళ్లు పెట్టే కందిరీగలకు ఇలాంటి గొట్టమంటే ప్రాణం.

అసలు దొంగ ముందుగది. 32 డిగ్రీల గాలిలో 85 శాతం తేమ ఉంటే 29 డిగ్రీలకే నీరు దిగుతుంది. మీ ముందుగది 10, 12 డిగ్రీలుంటుందేమో. ట్యూబు వేలాడినచోట నీళ్లు నిలుస్తాయి, ఆ నీళ్లు అమ్మోనియాను మింగేస్తాయి. లీటరు నీరు వందల లీటర్ల అమ్మోనియా తాగుతుంది మరి. అందుకే వాసనున్నా 4, 5. తర్వాత గదిలో గాలి శుభ్రపడ్డప్పుడు, లేదా బొట్టు జరుగుతూ వెచ్చటి ప్యానెల్ రూము వైపొచ్చి ఆరినప్పుడు, మింగింది కక్కుతుంది. నీ 15 అదే. ట్యూబును ముందుగదిలోంచి తప్పించి బయటి గోడ వెంట తీసుకురా, ఇన్‌లెట్ వైపు వాలుతో. తప్పించలేకపోతే ఆ ముక్కకు హీట్ ట్రేసింగ్ (వేడిచేసే కరెంటు తీగ) చుట్టి, 40 డిగ్రీల దగ్గర ఉంచి, పైన ఇన్సులేషన్ వెయ్యి. చెమ్మ పీల్చుకుంటుందని సిలికాజెల్ సీసా మాత్రం తగిలించకు. అది అమ్మోనియానూ పట్టేస్తుంది.

ఇచ్చాపురం_రెఫ్రిజిరేషన్:

ఫ్యాను సంగతి వేరు. ఫ్యాను వేస్తే గదిలో ఒత్తిడి తగ్గి ఫ్లో తారుమారవుతుందని అందరూ అనేమాటే. ఆ తేడా 25 పాస్కల్స్ అనుకున్నా, పైన చెప్పిన 740 ముందు అదెంత? సున్నా రావడానికి అసలు కారణం, ఇన్‌లెట్ తాజా గాలి దారిలో ఉండటం. గరాటుకు జానెడు సన్నటి దారం కట్టి ఫ్యాను వేసి చూడండి. దారం లూవర్ (బయటి గాలి వచ్చే కిటికీ) నుంచి ఫ్యాను వైపు ఊగుతూ, ఆ దారిలో మధ్యన కంప్రెసరు ఏదీ లేకపోతే మీరు కొలిచేది బయటి గాలినే. గ్లాండ్లకూ ఫ్యానుకూ మధ్యకు, పైకి జరపండి. వాయువు గాలికన్నా తేలిక, పైకే పోతుంది. కానీ ద్రవం కారితే చల్లటి పొగమంచులా నేల మీదే పాకుతుంది. రిసీవరూ (ద్రవ అమ్మోనియా నిలవుండే ట్యాంకు) ద్రవం పంపూ ఉన్నచోట కింద ఇంకో పాయింటు తప్పదు. పరీక్షకు ఊదొత్తి వెలిగించొద్దు, గాలిలో 15 శాతం చేరితే అమ్మోనియా అంటుకుంటుంది.

ఇంకోటి. అలారం వచ్చి ఫ్యాను తిరిగాక రీడింగు పడుతుంది, అంతమాత్రాన అలారం తనంతట తాను ఆగిపోకూడదు. మనిషి వచ్చి రీసెట్ చేసేలా లాచ్ పెట్టండి. మనిషి పీల్చే గాలిలో ఎనిమిది గంటల సగటుకు హద్దు 25 పీపీఎం, పదిహేను నిమిషాలకు 35. 300 అంటే ప్రాణాపాయం.

గంజాం_ఫిట్టర్:

ట్యూబు దారి మారుస్తాం, కంచు తీసేస్తాం. వాల్వు సెన్సారుకు ముందే ఉంచవచ్చా? కాలిబ్రేషన్ గ్యాసు (రీడింగు సరిచూసే, తెలిసిన గాఢత గల గ్యాసు) ఎక్కడ ఎక్కించాలి?

రాయగడ_ఇన్‌స్ట్రుమెంట్స్:

వాల్వు అక్కడొద్దు. సెన్సారుకు ముందు గొంతు నొక్కితే సెన్సారు వాక్యూమ్‌లో ఉంటుంది, వాల్వు తిప్పినప్పుడల్లా రీడింగు కదులుతుంది. రోటామీటరు కూడా అమ్మోనియాను కొంత అంటించుకుంటుంది. ఇలా మార్చు: ఫిల్టరు, సెన్సారు, 100 మి.లీ. ఖాళీ సీసా, పంపు, రోటామీటరు. సీసా సెన్సారు తర్వాత ఉంది కాబట్టి ఆలస్యం పెంచదు, పంపు కొట్టే కుదుపులు మాత్రం తగ్గిస్తుంది. నీడిల్ వాల్వును పంపు అవుట్‌లెట్ నుంచి ఇన్‌లెట్‌కు తిప్పే బైపాసులో పెట్టు. వదిలే గాలిని ప్యానెల్ రూములో కాకుండా మెషీన్ రూముకే పంపు.

లీకు చూడటానికి ఇన్‌లెట్ కొస పూర్తిగా మూసెయ్యి. రోటామీటరు బంతి అడుక్కు దిగాలి. కాసేపటికీ తేలే ఉంటే ఎక్కడో ప్యానెల్ రూము గాలి తాగుతోంది. ఎక్కువసేపు మూసి ఉంచకు.

గ్యాసు సెన్సారు దగ్గరా, ఇన్‌లెట్ గరాటు దగ్గరా, రెండుచోట్లా ఎక్కించాలి. 50 పీపీఎం సిలిండరు, ఎస్ఎస్ రెగ్యులేటరు. నిమిషానికి లీటరు వదులు, మధ్యలో టీ (మూడు దారుల జాయింటు) పెట్టు. పంపు అర లీటరు తీసుకుంటుంది, మిగతాది టీ మూడో కాలిలోంచి బయటికి పోతుండాలి. ఆ కాలికి అడుగు పొడవు ట్యూబు ఉంటే బయటి గాలి వెనక్కి రాదు. సరిపోను ఇవ్వకపోతే పంపు గాలి కలుపుకుని తక్కువ చూపిస్తుంది, నువ్వేమో స్పాన్ (గ్యాసుకు సరిపెట్టే సెట్టింగు) పెంచేస్తావు. అప్పుడు మిగతా రోజులంతా తప్పే.

ముందు సెన్సారు దగ్గర 50కి సరిపెట్టు. తర్వాత అదే గ్యాసు గరాటు దగ్గర ఇవ్వు. లైనులో ఉన్న గాలి 377 మి.లీ., అర లీటరు ఫ్లో దగ్గర 45 సెకన్లు, 0.2 దగ్గర దాదాపు రెండు నిమిషాలు. దాని మీద సెన్సారు ఆలస్యం, ట్యూబు గోడలు అమ్మోనియాతో నిండే సమయం. కనీసం ఐదారు నిమిషాలు ఆగు. అప్పటికీ గరాటు దగ్గర 40 కూడా రాకపోతే స్పాన్ ముట్టుకోకు. ఇంకా లీకుందో, ఎక్కడో చెమ్మ మిగిలిందో వెతుకు.