'జాస్' (1975) మళ్లీ చూస్తే: సొర అంత ఆలస్యంగా ఎందుకొస్తుంది?

ప్రశ్న:
పీటర్ బెంచ్లీ నవల (1974) చదివి, స్పీల్‌బర్గ్ సినిమా మళ్లీ పెట్టుకుంటే రెండు సందేహాలు. రెండు గంటల నాలుగు నిమిషాల సినిమాలో సొరచేప తల తేటగా కనపడేసరికి గంటా ఇరవై నిమిషాలు గడిచిపోతున్నాయి. సినిమా కోసం చేసిన యంత్రపు సొర మొరాయించింది కాబట్టే దాచారంటారు. అంతేనా? నవలలోంచి ఏమేం తీసేశారు? అలాగే ఇంట్లో చూడటానికి ఏ డిస్క్ తీసుకోవాలో కూడా చెప్పండి.

జవాబు 1:
యంత్రం మొరాయించిన మాట నిజమేనండీ. స్పెషల్ ఎఫెక్ట్స్ నిపుణుడు బాబ్ మ్యాటీ బృందం 25 అడుగుల సొరలు మూడు చేసింది. ఒకటి నీళ్లలో లాక్కెళ్లేది. మిగతా రెండింటికీ ఒక పక్కనే చర్మం, రెండో పక్క గొట్టాలన్నీ బయటికే. అందుకే ఒకటి ఎడమ నుంచి కుడికి, ఇంకోటి కుడి నుంచి ఎడమకి. అన్నీ గాలి ఒత్తిడితో కదిలేవి. అమెరికాలోని మార్తాస్ వినియార్డ్ దీవి దగ్గర అసలు సముద్రంలో దింపాక ఉప్పునీరు గొట్టాల్ని తినేసింది, చర్మం నీళ్లు పీల్చి ఉబ్బింది. 55 రోజులనుకున్న షూటింగ్ 159 రోజులు సాగింది.

అయితే సొరను దాచడం ఒక ఎత్తు, దాని బదులు ఏం చూపించారన్నది ఇంకో ఎత్తు. రాత్రి ఇద్దరు మనుషులు గొలుసుకు మాంసం కట్టి నీళ్లలోకి వదిలే సీను మళ్లీ చూడండి. సొర లాగిన లాగుకు చెక్క రేవు చివర ముక్క ఊడి, ఒకణ్ణి నీళ్లలో పడేసి, సముద్రంలోకి పోతుంది. కాస్త దూరం పోయాక అదే ముక్క నెమ్మదిగా ఇటు తిరుగుతుంది. నీళ్లలో ఈదుతున్నవాడి వెనకాలే వస్తుంది. సొర ఎక్కడా కనపడదు, కానీ ఎటు వస్తోందో, ఎంత వేగంగా వస్తోందో అన్నీ తెలుస్తాయి. చివరి గంటలో సొరకు తాళ్లతో తగిలించిన పసుపు పీపాలు చేసే పని కూడా ఇదే. యంత్రం చెడితే మాత్రం, ఇలాంటి ఆలోచన దానంతటదే రాదు కదా!

జవాబు 2:
సంగీతం సంగతి కూడా కలపాలి. జాన్ విలియమ్స్ వాడింది పక్కపక్క స్వరాలు రెండే. మన లెక్కలో షడ్జమం, శుద్ధ రిషభం అనుకోండి. ఆ రెండూ వినపడితే సొర ఉన్నట్టే. ఇద్దరు పిల్లలు అట్టముక్క రెక్కతో జనాన్ని బెదరగొట్టే సీనులో ఆ సంగీతం ఉండదు. ప్రేక్షకుడికి అలా నమ్మకం కుదిర్చాక, పోలీసు అధికారి బ్రోడీ ఎర విసురుతున్నప్పుడు ఏ హెచ్చరికా లేకుండా తల పైకి లేస్తుంది. ఆ ఉలికిపాటు అక్కడిది.

ఇక నవల. బ్రోడీ భార్యకూ సొరల శాస్త్రవేత్త హూపర్‌కూ మధ్య సంబంధం, మేయర్‌కు మాఫియాతో లంకె, ఈ రెండూ సినిమాలో లేవు. తీసేయడమే మేలైంది, పడవ మీది ముగ్గురి (బ్రోడీ, హూపర్, సొరల వేటగాడు క్వింట్) మధ్య కథ బిగిసింది. నవలలో హూపర్, సొర కోసం నీళ్లలోకి దిగిన ఇనప బోనులోనే చచ్చిపోతాడు. సినిమాకు కూడా అదే అనుకున్నారు. ఆస్ట్రేలియాలో నీటి అడుగున చిత్రీకరించే రాన్, వాలరీ టేలర్ దంపతులు అసలు సొరల్ని చిత్రిస్తుంటే, ఒక సొర బోను తాళ్లలో చిక్కుకుని గింజుకుంది. అప్పుడు బోనులో మనిషి లేడు! ఆ షాట్ వదులుకోలేక హూపర్‌ను బతికించారు.

జవాబు 3:
డిస్క్ అయితే 2020 నాటి 4కె తీసుకోండి. అందులో చుట్టూ శబ్దం వినిపించే అట్మాస్‌తో పాటు పాత మోనో (ఒకే ఛానెల్) ట్రాక్ కూడా ఉంది. మొదటిసారి మోనోలోనే చూడండి, ఎందుకంటే 1975లో థియేటర్లో వినపడింది అదే. తర్వాతి మిక్సుల్లో కొన్ని శబ్దాలు మార్చారు. టీవీలో మోషన్ స్మూతింగ్ (కదలికల్ని నున్నగా చేసే సెట్టింగు) ఆపేయండి. పైనా కిందా నల్లపట్టీలు వస్తాయని జూమ్ మాత్రం చేయొద్దు. పడవ సీన్లలో మనుషుల్ని ఫ్రేముకు ఆ చివర, ఈ చివర నిలబెట్టారు, జూమ్ చేస్తే ఒకరు తెగిపోతారు.

రెండో ప్రపంచ యుద్ధంలో మునిగిన అమెరికా యుద్ధనౌక ఇండియానాపొలిస్ గురించి సినిమాలో క్వింట్ చేసే, నవలలో లేని ప్రసంగం గురించి కూడా ఒక మాట. క్వింట్ చెప్పే తేదీ జూన్ 29. ఆ ఓడ నిజంగా మునిగింది 1945 జులై 30న.