మత్తు డాక్టరు ఉద్యోగం మానేశాను, ఖాళీ గుడ్డ ముందు చేయి కదలట్లేదు

స్వర్ణముఖి:
నాకు 39 ఏళ్లు. 12 ఏళ్లు మత్తు డాక్టరుగా చేసి, సంక్రాంతి తర్వాత మానేశాను. మళ్లీ చేరే ఉద్దేశం లేదు. "సీటు కోసం ఎంత ఏడ్చావో మర్చిపోయావా" అని అమ్మ ఇప్పటికీ అంటుంది. మర్చిపోలేదు.

చివరిసారి ఇష్టంగా బొమ్మ గీసింది ఎంబీబీఎస్ ఫస్టియర్ హిస్టాలజీ రికార్డులో, అంటే మైక్రోస్కోపులో కనిపించే కణజాలాల బొమ్మలు వేసే పుస్తకంలో. గులాబీ, ఊదా, రెండే పెన్సిళ్లు. కాలేయం స్లైడు గీస్తూ తెల్లవార్లూ కూర్చున్న రాత్రులున్నాయి. తర్వాత 20 ఏళ్లు చేతిలో కేస్‌షీట్ల పెన్నే.

ఇప్పుడు వారానికి మూడు రోజులు తిరుపతి నుంచి బస్సులో శ్రీకాళహస్తి వెళ్లి కలంకారీ నేర్చుకుంటున్నా. గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో తడిపి ఎండబెట్టడం వచ్చింది. చింతబరికె బొగ్గుతో గీయడం వచ్చింది. గురువుగారి బొమ్మ చూసి దించమంటే దించేస్తాను. "ఇక నీ బొమ్మ వెయ్యమ్మా" అన్నారు. నాలుగు వారాలైంది. కూర్చుంటున్నా, లేచి వచ్చేస్తున్నా.

థియేటర్లో పేషెంటుకి ఆక్సిజన్ తగ్గితే మానిటర్ బీప్ స్వరం దిగుతుంది. ఇన్నేళ్లూ చెవి అక్కడే పెట్టుకుని పనిచేశాను. ఆ బీప్ లేని గదిలో ఏం చేయాలో నా చేతికి తెలియట్లేదు. గీత తప్పితే ఎవరికీ ఏమీ కాదని తెలుసు, ఒళ్లు నమ్మట్లేదు. ఇలా వదిలి వచ్చినవాళ్లుంటే చెప్పండి, మీకు ఎలా తిరిగొచ్చింది?

ఈఎన్‌టీ_నెల్లూరు:
మేడం, పూర్తిగా మానేయాలా? కర్ణాటక సంగీత విద్వాంసులు శ్రీపాద పినాకపాణి గారు కర్నూలు మెడికల్ కాలేజీలో మెడిసిన్ ప్రొఫెసర్‌గా చేశారు. నేదునూరి కృష్ణమూర్తి గారు, నూకల చినసత్యనారాయణ గారు లాంటి పెద్ద గాయకులు ఆయన దగ్గర సంగీతం నేర్చుకున్నవాళ్లే. 1984లో పద్మభూషణ్ వచ్చింది. రెండూ నడిపారు కదా. కనీసం రిజిస్ట్రేషన్ రెన్యువల్ వదలకండి.

స్వర్ణముఖి:
రెన్యువల్ చేయించుకుంటాను సార్. పినాకపాణి గారికి సంగీతం మధ్యలో ఆగలేదు, నాకు బొమ్మ ఆగిపోయింది. రాత్రి ఎమర్జెన్సీ సిజేరియన్లకు వెళ్లొచ్చి గీద్దామని ఆరేళ్లు చూశాను. పెన్సిల్ చెక్కేలోపే నిద్ర పట్టేసేది.

కలం_పనివాడు:
అమ్మా, నాది 26 ఏళ్లుగా ఇదే పని. మేం రామాయణం వేస్తాం, చిన్నప్పట్నుంచి కళ్లముందు ఉన్నది అదే కాబట్టి. మీ కళ్లముందు ఉన్నది మీరు వేయండి. చీర కొలత గుడ్డ వద్దు, చేతిరుమాలంత ముక్క చాలు. కలాన్ని మొన దగ్గర పట్టుకోకండి. ఉన్ని చుట్టిన చోట వేళ్లుంచి నొక్కితే రంగు దిగుతుంది, వదిలితే ఆగుతుంది. ఇంజెక్షన్ చేసిన వేళ్లకు ఆ నొక్కు కొత్తేం కాదు. ఒక గీత వేశాక అది నల్లబడేదాకా చూసి, అప్పుడు రెండోది వేయండి.

స్వర్ణముఖి (తొమ్మిది రోజుల తర్వాత):
అన్నా, వేశాను. ఆపరేషన్ బల్ల మీద ఓ పెద్దావిడ చేయి. గాజులు రాకపోతే వాటి మీద ప్లాస్టర్ చుట్టేస్తాం. అలాంటి చేతులు నా వేళ్లు గట్టిగా పట్టుకోవడం ఎన్నిసార్లు జరిగిందో, ఒక్కసారీ గీయాలని తోచలేదు. తుప్పు ఇనుము, బెల్లం ఊరిన నీళ్లు ముందు లేతగా కనిపించి, కరక్కాయ తగిలి నల్లగా తిరుగుతుంటే అలాగే చూస్తూ కూర్చున్నా. వేళ్లు లావుగా వచ్చాయి, బొటనవేలు వంకర పోయింది. అయినా పారేయలేదు, గూట్లో పెట్టుకున్నా. మూడున్నర గంటలు గడియారం చూడలేదు.

ఒక సందేహం. గాజులు ఎర్రగా రావాలి, ప్లాస్టర్ గుడ్డ రంగులోనే ఉండాలి. పటిక నీళ్లు గాజుల మీదే పూస్తే సరిపోతుందా?

కలం_పనివాడు:
సరిపోతుందమ్మా. పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది, మిగతాది పారే నీళ్లలో ఉతికితే పోతుంది. పటిక పూసిన వెంటనే ఎర్ర రంగులో వేసి ఉడికించొద్దు, బాగా ఆరనివ్వండి. ఫోటో పెట్టండి.