దుబాయ్ వెళ్ళడానికి రెండున్నర గంటలా, నాలుగు గంటలా?

జగిత్యాల బిడ్డ:
మా బావకూ నాకూ పంచాయితీ. శంషాబాద్‌లో రాత్రి 10కి లేచిన విమానం దుబాయ్‌లో 12.30కి దిగుతుందని టికెట్టు మీద ఉంది. తిరుగు విమానం అక్కడ రాత్రి 10కి లేచి ఇక్కడ తెల్లవారుజామున 3కి దిగుతుంది. అంటే వెళ్ళడానికి రెండున్నర గంటలు, రావడానికి ఐదు! భూమి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి వెళ్ళేటప్పుడు దుబాయ్ మనకు ఎదురొస్తుందని బావ వాదన. పద్నాలుగేళ్ళు గల్ఫ్‌లో పనిచేసిన మనిషి, ఎదురు చెప్పలేకపోతున్నాను.

కాజీపేట జంక్షన్:
మీ బావ మాటే నిజం. నేల వదిలాక విమానానికి భూమితో పనేముంది?

మానేరు ఒడ్డు:
చాలా పనుంది. పేరులోనే రైల్వే జంక్షన్ పెట్టుకున్నారు, నడిచే రైల్లో పైకి ఎగిరితే వెనక బోగీలో పడతారా? గాలి కూడా భూమితో పాటే తిరుగుతోంది. అలా తిరగకపోతే శంషాబాద్ మీద హెలికాప్టర్‌ను గంటన్నర నిలిపితే చాలు, దుబాయ్ రేఖాంశం కిందికి వచ్చేసేది. రెండు ఊళ్ళ మధ్య 23 డిగ్రీలు, డిగ్రీకి 4 నిమిషాలు, లెక్క వేసుకోండి.
ఆ గంటన్నర విమానంలో లేదు, గడియారంలో ఉంది. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. వెళ్ళేటప్పుడు దాన్ని కలపాలి, వచ్చేటప్పుడు తీసేయాలి. వెళ్ళడం 4 గంటలు, రావడం మూడున్నర. త్వరగా అయ్యేది తిరుగు ప్రయాణమే.

జగిత్యాల బిడ్డ:
సార్, దూరం ఎటైనా దాదాపు 2,550 కిలోమీటర్లే కదా. ఆ అరగంట ఎక్కడ పోయింది?

మానేరు ఒడ్డు:
గాలి మింగింది. చలికాలంలో పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంది. వెళ్ళేటప్పుడు ఎదురీత, వచ్చేటప్పుడు వాలు. వానాకాలంలో ఆ ప్రవాహం హిమాలయాల ఉత్తరానికి జరుగుతుంది, అప్పుడు ఇంత తేడా ఉండదు.

కాజీపేట జంక్షన్:
గడియారాల్లో తేడా వచ్చింది భూమి తిరగడం వల్లే కదా? అంటే బావ సగం గెలిచినట్టే.

మానేరు ఒడ్డు:
గడియారం దగ్గర గెలిచాడు. విమానంలో పోసే ఇంధనం దగ్గర ఓడిపోయాడు.

ఓరుగల్లు కోట:
మీరు అరగంట కోసం కొట్టుకుంటున్నారు. జగిత్యాల నుంచి శంషాబాద్‌కు రోడ్డు మీదే ఐదు గంటలు, దుబాయ్ కంటే ఎక్కువ! దాని గురించి ఎవరూ మాట్లాడరు. వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయంలో విమానాలు ఎగిరినా దుబాయ్‌కు నేరుగా ఉంటాయని నాకు ఆశ లేదు.

జగిత్యాల బిడ్డ:
అది మాకు అలవాటైపోయింది అన్నా. వచ్చే వారం బావ తిరుగు విమానంలోనే వస్తున్నాడు. 3కి దిగి, సామాను తీసుకొని బయటికి వచ్చేసరికి 4 అవుతుంది. ఇక్కడ కారు ఎన్నింటికి బయలుదేరాలి?

మానేరు ఒడ్డు:
రాత్రి 11కి. దుబాయ్‌లో అప్పటికి తొమ్మిదిన్నర. బావ విమానం ఇంకా లేచి ఉండదు.