వీడియోలు చూసి బీపీ చూడటం నేర్చుకుంటున్నాం, ఒక్కోదాంట్లో ఒక్కో పద్ధతి. ఏది సరైనది?

జీఎన్‌ఎం_రెండో_ఏడాది:

సర్, మేడమ్, అందరికీ నమస్కారం. మా నర్సింగ్ (జీఎన్‌ఎం) ప్రాక్టికల్ పరీక్షలో డయల్ మిషన్, స్టెతస్కోప్‌తో బీపీ చూసి చూపించాలి. యూట్యూబ్‌లో పది దాకా వీడియోలు చూశాం. ఒకదాంట్లో చేతికి చుట్టే పట్టీ (కఫ్) కట్టగానే నేరుగా 200 దాకా గాలి ఎక్కిస్తున్నారు. ఇంకోదాంట్లో ముందు మణికట్టు దగ్గర నాడి పట్టుకుంటున్నారు. కొందరు చొక్కా చేతి మీదే కఫ్ చుడుతున్నారు. ఏది నమ్మాలో తెలియడం లేదు.

మా ప్రాక్టీసులో వస్తున్న ఇబ్బందులు ఇవి. ఒకే మనిషికి ఇద్దరం చూస్తే పై బీపీ (సిస్టాలిక్) 10, 12 తేడా వస్తోంది. ఒక పెద్దాయనకు చప్పుడు మొదలై, ఆగిపోయి, మళ్లీ వచ్చింది. అప్పుడు ఏ అంకె రాయాలి? ఇంకొకటి, వీడియోల్లో "ఇప్పుడు వినండి" అంటారు కానీ ఫోన్లో ఏమీ వినపడదు.

క్లినికల్_ట్యూటర్:

వీడియో పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి ఒకే ఒక్క పరీక్ష పెట్టుకోండి. స్టెతస్కోప్ చెవిలో పెట్టుకోకముందే నాడి పట్టుకుని పై బీపీని అంచనా వేస్తున్నారా? ఆ మెట్టు లేని వీడియోని పక్కన పెట్టేయండి, మిగతాది ఎంత బాగున్నా సరే.

ఎందుకో చెప్తాను. మీ పెద్దాయన విషయంలో జరిగింది అదే. కొందరిలో, ముఖ్యంగా బీపీ ఎక్కువగా ఉన్న పెద్దవాళ్లలో, చప్పుడు మధ్యలో కొంతసేపు మాయమై మళ్లీ వస్తుంది. దీన్ని ఆస్కల్టేటరీ గ్యాప్ అంటారు. అసలు పై బీపీ 178 అనుకోండి. 160 దగ్గర చప్పుడు ఆగి, 140 దగ్గర మళ్లీ మొదలైంది. మీరు 150 దాకానే గాలి ఎక్కించి ఉంటే మొదట వినపడేది 140 దగ్గర, కాబట్టి 140 అని రాసేస్తారు. 38 తక్కువ! లేదా 200 దాకా ఎక్కించి, 160 దగ్గర ఆగగానే అదే కింది బీపీ అనుకుని 178/160 రాస్తారు. రెండూ ప్రమాదకరమైన తప్పులే. వేలి కింద నాడి మాత్రం ఈ గ్యాప్‌లో కూడా తగులుతూనే ఉంటుంది. అందుకే ముందు వేలు, తర్వాత చెవి.

చేసే వరుస ఇది. మనిషిని వీపు ఆనేలా కుర్చీలో కూర్చోబెట్టండి. పాదాలు రెండూ నేలకు ఆనాలి, కాలు మీద కాలు వద్దు. 5 నిమిషాలు ఊరికే కూర్చోనివ్వాలి. అంతకుముందు అరగంటలో టీ, కాఫీ, సిగరెట్ ఉండకూడదు. మూత్రానికి వెళ్లాల్సి ఉంటే వెళ్లి రమ్మనండి, నిండిన మూత్రాశయం బీపీని పెంచి చూపిస్తుంది. చెయ్యి బల్ల మీద, కఫ్ మధ్యభాగం గుండె ఎత్తుకు వచ్చేలా ఆనించాలి. చెయ్యి 10 సెం.మీ. కిందికి వేలాడితే రీడింగ్ సుమారు 7, 8 మి.మీ. (పాదరసం మి.మీ., బీపీ కొలత) ఎక్కువ వస్తుంది. మీ ఇద్దరి తేడాలో సగం ఇక్కడే ఉండొచ్చు.

చొక్కా చెయ్యి తీసేసి, చర్మం మీదే కఫ్ చుట్టాలి. బిగుతైన చేతిని పైకి మడిస్తే అది తాడు కట్టినట్టు అవుతుంది, మొత్తం తీయడమే మేలు. కఫ్ కింది అంచు మోచేతి మడతకు 2, 3 సెం.మీ. పైన ఉండాలి. ఇప్పుడు మణికట్టు నాడి పట్టుకుని గాలి ఎక్కించండి. నాడి ఎక్కడ మాయమైందో ఆ అంకె గుర్తుపెట్టుకోండి. గాలి మొత్తం వదిలేసి, ఒక నిమిషం ఆగి, స్టెతస్కోప్ పెట్టి ఆ అంకెకు 30 మి.మీ. పైకి ఎక్కించండి. నాడి 120 దగ్గర మాయమైతే 150 చాలు. అందరికీ 200 ఎక్కించడం వల్ల నొప్పి తప్ప లాభం లేదు, ఆ నొప్పికి బీపీ కాస్త పెరుగుతుంది కూడా.

ఇక వదలడం. సెకనుకు 2 నుంచి 3 మి.మీ., అంతకంటే వేగం వద్దు. వరసగా రెండు చప్పుళ్లు వినపడితే వాటిలో మొదటిది పై బీపీ. చప్పుడు మళ్లీ రాకుండా పూర్తిగా ఆగిన చోట కింది బీపీ. గర్భిణుల్లో కొందరికి చప్పుడు సున్నా దాకా వినపడుతూనే ఉంటుంది. అప్పుడు చప్పుడు ఒక్కసారిగా మందగించిన చోటుని కింది బీపీగా తీసుకుని 110/60/0 అని మూడు అంకెలూ రాయాలి.

మధ్యలో అనుమానం వచ్చి మళ్లీ రెండు సార్లు గాలి ఎక్కించే బల్బ్ నొక్కడం చాలా వీడియోల్లో కనిపిస్తుంది. అలా చేయొద్దు. చేతిలో రక్తం నిలిచిపోయి చప్పుళ్లు మందగిస్తాయి. గాలి పూర్తిగా వదిలి, నిమిషం ఆగి, మళ్లీ మొదటి నుంచి చూడాలి.

ఫిజియాలజీ_ల్యాబ్:

పై జవాబుకు ఒక చిన్న చరిత్ర కలుపుతాను. ఇటలీలో రివా రోచి 1896లో చేతి కఫ్‌తో బీపీ చూసినప్పుడు నాడి పట్టుకునే చూశాడు, కాబట్టి పై బీపీ మాత్రమే తెలిసేది. రష్యా వైద్యుడు కొరొట్‌కోవ్ 1905లో స్టెతస్కోప్ పెట్టి వినే పద్ధతి చెప్పాక కింది బీపీ కూడా సులువుగా తెలిసింది. ఆ చప్పుళ్లకు ఆయన పేరే. అంటే కొన్ని వీడియోలు వదిలేస్తున్న నాడి పట్టే మెట్టు, బీపీకి స్టెతస్కోప్ వాడటం కంటే పాతది.

ఫోన్లో ఎందుకు వినపడదంటే, ఈ చప్పుళ్లు చాలా మంద్రంగా ఉంటాయి, 200 హెర్ట్జ్ లోపే ఎక్కువ. ఫోన్ స్పీకర్ ఆ కింది స్వరాలను సరిగా పలికించలేదు. చెవి లోపలికి బిగుతుగా పట్టే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే అదే వీడియోలో టక్ టక్ తెలుస్తుంది.

అన్నిటికంటే ఉపయోగపడేవి డయల్ ముల్లు లేదా పాదరసం పడుతూ చప్పుడు కూడా వినిపించే వీడియోలు. వాటిని చూడటం కాదు, వాటితో పరీక్ష రాయాలి. జవాబు తెర మీద వచ్చే చోట కాగితం అడ్డం పెట్టండి. మీ రీడింగ్ రాసుకున్నాకే కాగితం తీయండి. రోజూ ఒక్కొక్కరు పది రీడింగులు రాసి, తేడాల పట్టిక పెట్టుకోండి. తేడా ఎప్పుడూ ఒకే వైపు ఉంటే, అంటే మీ పై బీపీ ప్రతిసారీ తక్కువే వస్తుంటే, మొదటి చప్పుడు జారవిడుస్తున్నారు. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అయితే ముల్లు చదవడంలో తడబాటు.

వీడియో వేగం 1 మీదే ఉంచండి. రెండింతల వేగంలో చూస్తే ముల్లు సెకనుకు 4 నుంచి 6 మి.మీ. పడటం కంటికి అలవాటవుతుంది, రేపు మీ వేళ్లు వాల్వ్‌ని అలాగే తిప్పుతాయి. నాడి నిమిషానికి 60 ఉన్న మనిషికి సెకనుకు ఒక్క చప్పుడే. ముల్లు సెకనుకు 6 పడితే రెండు చప్పుళ్ల మధ్య 6 మి.మీ. కొట్టుకుపోయినట్టే.

అంకెలు సరి సంఖ్యల్లోనే, దగ్గరి 2కి రాయండి. మీ పట్టికలో 120, 130, 140 తప్ప ఇంకేమీ కనపడకపోతే చెవితో విన్నది కాక మనసులో అనుకున్నది రాస్తున్నారని అర్థం. ఇంగ్లిష్ పర్వాలేదనుకుంటే న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ వారి క్లినికల్ వీడియోల వరుసలో బీపీ చూడటం మీద ఒకటి ఉంది, చూడండి.

మిషన్_రిపేర్:

పద్ధతి సరిగ్గా ఉన్నా సామాను తప్పయితే లాభం లేదు. దీన్ని వీడియోల్లో దాదాపు ఎవరూ చూపించరు.

కఫ్ సైజు మొదటిది. లోపలి రబ్బరు సంచి పొడవు పై చేతి చుట్టుకొలతలో 80 శాతం, వెడల్పు 40 శాతం ఉండాలి. భుజానికీ మోచేతికీ మధ్యలో టేపుతో కొలవండి. 22 నుంచి 26 సెం.మీ. అయితే చిన్న కఫ్, 27 నుంచి 34 అయితే మామూలుది, 35 నుంచి 44 అయితే పెద్దది. లావు చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ కనపడుతుంది.

డయల్ మిషన్లో గాలి లేనప్పుడు ముల్లు సున్నా మీద ఉండాలి. సున్నా మీద ఉన్నంత మాత్రాన పైన సరిగ్గా ఉన్నట్టు కాదు, లోపలి స్ప్రింగు మధ్యలో ఎక్కడైనా తప్పు చూపొచ్చు. ఆరు నెలలకోసారి T ఆకారపు గొట్టంతో సరైన మిషన్‌కి కలిపి 50, 100, 150, 200 దగ్గర పోల్చాలి. తేడా 3 మి.మీ. దాటితే పక్కన పెట్టాలి.

లీకు చూడటానికి కఫ్‌ని గట్టి సీసాకి చుట్టి, 200 దాకా ఎక్కించి, వాల్వ్ బిగించండి. నిమిషంలో 4 మి.మీ. కంటే ఎక్కువ పడితే లీకు. ఎక్కువగా గొట్టం బల్బ్‌కి కలిసే చోటా, వాల్వ్‌లో దుమ్ము చేరిన చోటా పోతుంది. లీకు ఉంటే సెకనుకు 2 మి.మీ. చొప్పున వదలడం మీ చేతిలో ఉండదు.

జీఎన్‌ఎం_రెండో_ఏడాది:

చాలా థాంక్స్ అండీ. రెండు సందేహాలు. సన్నగా ఉన్న ఒకామెకు నాడి తెలుస్తోంది కానీ చప్పుడు వినపడదు. ఇంకొకరికి కుడి చేతికి 148, ఎడమకు 132 వచ్చింది. ఏది రాయాలి?

క్లినికల్_ట్యూటర్:

చప్పుడు వినపడకపోతే ముందు చోటు సరిచూడండి. మోచేతి మడతలో బైసెప్స్ కండరం స్నాయువు గట్టిగా తగులుతుంది కదా, దానికి లోపలి వైపు, అంటే చిటికెన వేలి వైపు ధమని కొట్టుకుంటుంది. స్టెతస్కోప్ చప్పటి బిళ్ల (డయాఫ్రమ్) అక్కడ పెట్టాలి, కఫ్ కిందికి దూర్చకూడదు. స్టెతస్కోప్ చెవి కొనలు ముందుకు, మీ ముక్కు వైపు తిరిగి ఉండాలి. అయినా మందంగా ఉంటే కఫ్ కట్టిన చేతిని అర నిమిషం తలపైకి ఎత్తించి, అలాగే గాలి ఎక్కించి, చెయ్యి దించి వినండి. చప్పుడు స్పష్టమవుతుంది.

రెండు చేతుల మధ్య తేడా ఉంటే ముందు మళ్లీ చూడండి. మళ్లీ 10 మి.మీ. దాటి తేడా వస్తే ఎక్కువ వచ్చిన చెయ్యే లెక్క, ఇకపై ఆ చేతికే చూడాలి. ఏ చెయ్యో కాగితం మీద రాయండి, డాక్టరు గారికి తేడా సంగతి చెప్పండి. డయాలసిస్ కోసం ధమనిని సిరకు కలిపిన (ఫిస్టులా ఉన్న) చేతికీ, రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని లింఫు గ్రంథులు తీసిన వైపు చేతికీ కఫ్ కట్టొద్దు.

రాసేటప్పుడు అంకె ఒక్కటే కాదు: 148/86, కుడి చెయ్యి, కూర్చుని, మామూలు కఫ్, ఉదయం 10:20. రెండోసారి నిమిషం తర్వాత చూసినది దాని పక్కనే.